పశువైద్యం చదివితే ఏమవుతాం? తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మాలాంటి వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. బైపీసీ చదివిన పిల్లలు, వాళ్ల నాన్నలు, మేనమామలు, ఒక్కోసారి పాలకేంద్రం దగ్గర పరిచయమైన వాళ్లు కూడా. అందరివీ ఇంచుమించు అవే ప్రశ్నలు. నేను తిరుపతిలో చదివి చిత్తూరు పల్లెల్లో పనిచేస్తున్న పశువైద్యుడిని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివితే చివరికి ఊళ్లో పశువుల ఆస్పత్రేనా?

కాదు, దారులు చాలానే ఉన్నాయి. ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ, పాల డెయిరీలు, కోళ్ల కంపెనీలు, టీకాలూ మందులూ తయారుచేసే సంస్థలు, యూనివర్సిటీలు, పరిశోధన, జూ, అడవి, సైన్యం, బ్యాంకులు, సొంత క్లినిక్. కానీ ఊళ్లో ఆస్పత్రి అంటే ముందే చిన్నచూపు ఉంటే ఈ చదువుకు రావద్దని నా మాట. ఎందుకంటే మీరు ఏ దారిలో వెళ్లినా, ఏసీ గదిలో టీకా తయారు చేసినా, దాని మూలం ఒక రైతు పాకలోనే ఉంటుంది. ఆ పాక తెలియని పశువైద్యుడికి చదువు సగమే వచ్చినట్టు. మన జిల్లాలో వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏళ్లలో కూడా ఇల్లు నడిపింది పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లే. ఆ ఇంట్లో ఆవు పడుకుంటే ఇల్లే పడుకుంటుంది. అక్కడ మీరు అవసరమైన మనిషి. ఈ సంగతి మనసుకు ఎక్కితే మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎంబీబీఎస్ సీటు రాలేదు, దీంట్లో చేరొచ్చా?

చేరొచ్చు. నా బ్యాచ్‌లో అలా వచ్చినవాళ్లే ఎక్కువ, అందులో చాలామంది ఇప్పుడు ఈ పని వదలమన్నా వదలరు. కాకపోతే రెండో ఏడాది దాకా "మళ్లీ నీట్ రాద్దామా" అని ఊగిసలాడే పిల్లలు ఇటూ కాక అటూ కాక నలిగిపోతారు. అనాటమీ మొదలైతే ఆవు, గుర్రం, కుక్క, పంది, కోడి, ఒక్కోదాని ఎముక ఒక్కో తీరు. దీనికి మనసు పూర్తిగా పెట్టాలి. తల్లిదండ్రులకు ఒక విన్నపం, చుట్టాల ముందు "పశువుల డాక్టరేలే" అని నసగకండి. పిల్లలు అది మర్చిపోరు.

చేరడానికి ఏం కావాలి? ఎక్కడ చదవాలి?

ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, వయసు 17 నిండాలి. ప్రతి రాష్ట్రంలో 15 శాతం సీట్లు భారత పశువైద్య మండలి నీట్ ర్యాంకుతో దేశమంతటికీ కలిపి భర్తీ చేస్తుంది. మిగతావి మన రాష్ట్రంలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ప్రకారం జరుగుతాయి, ఆ ఏడాది ఏ పరీక్ష ర్యాంకు అడిగారో, ఏ సర్టిఫికెట్లు కావాలన్నారో ఆ నోటిఫికేషన్లోనే చూసుకోండి. పక్కింటి అబ్బాయి రెండేళ్ల కిందట ఎలా చేరాడో అడిగి దాన్నే నమ్ముకోవద్దు.

తిరుపతి కాలేజీ 1955లో మొదలైంది. విశ్వవిద్యాలయం మాత్రం 2005లో ఏర్పడింది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలోనూ కాలేజీలు ఉన్నాయి. తిరుపతిలోనే డెయిరీ టెక్నాలజీ కాలేజీ కూడా ఉంది. పశువుల్ని ముట్టుకోవడం ఇష్టం లేదు కానీ పాల పరిశ్రమ ఇష్టం అనే ఎంపీసీ పిల్లలు దాన్ని చూడొచ్చు.

చదువు ఎన్నేళ్లు? కష్టమా?

అయిదున్నరేళ్లు. నాలుగున్నరేళ్లు క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్. కష్టమే, కానీ బట్టీ కొట్టే కష్టం కన్నా చేతులు ఆడించే కష్టం ఎక్కువ. ఇంటర్న్‌షిప్‌ని చాలామంది పీజీ పరీక్షలకు చదువుకునే ఏడాదిగా వాడేసుకుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. ఆవు పేగులో చెయ్యి పెట్టి గర్భాశయాన్ని, అండాశయాన్ని వేళ్లతో గుర్తుపట్టడం ఏ పుస్తకమూ నేర్పదు. మొదట్లో అక్కడ ఏదీ తెలియదు, అంతా మెత్తగా, ఒకేలా అనిపిస్తుంది. వందల ఆవుల్ని చూస్తే గానీ ఇది రెండు నెలల చూడి, ఇది మూడు నెలల చూడి అని చెయ్యి చెప్పదు. ఆ అవకాశం తిరుపతి కాలేజీ ఆస్పత్రిలో, చుట్టుపక్కల ఊళ్లలో దొరికినంతగా తర్వాత దొరకదు.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్టర్ చేసుకోవాలి. 1984 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ అయినవాళ్లే ప్రాక్టీసు చేయాలి.

పల్లెలో పశువైద్యుడి పని నిజంగా ఎలా ఉంటుంది?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ సినిమాలో చూసినట్టు ఊహించుకుంటారు.

పొద్దున ఆస్పత్రి దగ్గర ఎదకొచ్చిన ఆవులు, జ్వరం వచ్చిన దూడలు, నట్టల మందు కోసం వచ్చిన గొర్రెల కాపరులు. ఎదసూది (కృత్రిమ గర్భధారణ) వేసేటప్పుడు ఒక లెక్క ఉంది, ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయాలి. గడ్డకట్టించిన వీర్యం ఉన్న స్ట్రాలు (సన్నని గొట్టాలు) సున్నాకు 196 డిగ్రీలు కింద ద్రవ నత్రజనిలో ఉంటాయి, వాటిని తీసి 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వాడాలి. ఆ అర నిమిషాన్ని తొందరలో ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, ఆవు చూడి కట్టక మళ్లీ ఎదకొస్తే "ఈ ఆవు అచ్చి రాలేదు" అని రైతు అమ్ముకుంటాడు.

తర్వాత ఫోన్లు. మన వైపు ఎక్కువగా హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవులు. పాలు ఎక్కువిస్తాయి, జబ్బులూ అంతే తొందరగా పడతాయి. పొదుగువాపు, మాయ పడకపోవడం, పిడుదుల వల్ల వచ్చే ఎర్రమూత్రం, కడుపుబ్బరం. వీటిలో కొత్త డాక్టరుకు ఎప్పటికీ గుర్తుండిపోయేది పాలజ్వరం. ఈని ఒకటి రెండు రోజులైన మంచి పాల ఆవు, లేవలేక కూలబడి ఉంటుంది. మెడ వంకర తిప్పి మూతి డొక్క మీద పెట్టుకుంటుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. పేరులో జ్వరం ఉంది గానీ ఒంటి వేడి మామూలు కన్నా తగ్గిపోయి ఉంటుంది. పాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్లిపోయి రక్తంలో పడిపోవడమే కారణం. ఇంటామె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఉంటుంది. మీరు మెడ నరం దొరకబుచ్చుకుని కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా ఎక్కించడం మొదలుపెడతారు, మెల్లగా, చెయ్యి సీసా మీద, చెవి గుండె మీద, ఎందుకంటే తొందరపడితే గుండె ఆగిపోతుంది. సగం సీసా దిగేసరికి ఒంటి కండరాలు వణకడం మొదలవుతుంది. తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, చెవుల్లోకి వెచ్చదనం వస్తుంది. కాసేపటికి ముందు కాళ్లు కూడదీసుకుని లేచి నిలబడుతుంది. "సామీ, బతికించినావు" అని ఇంటాయన అంటాడు. ఆ పూట మీకు అన్నం తినకపోయినా ఆకలి గుర్తుకు రాదు.

అన్నీ ఇలా ముగియవు, అదీ చెప్పాలి. దూడ అడ్డం తిరిగి, రోజంతా తెలిసీ తెలియని వాళ్లు లాగాక చివరికి మిమ్మల్ని పిలుస్తారు. అప్పుడు తల్లిని బతికించడమే గొప్ప. ఒక్కోసారి అదీ కాదు. ఆ ఇంటి ముందు నుంచి మళ్లీ మర్నాడు వెళ్లాల్సి ఉంటుంది. ఇది భరించగలరా అని మిమ్మల్ని మీరు ముందే అడగండి.

టీకాల పని ఇంకో పెద్ద భాగం. గాలికుంటుకు ఆరు నెలలకోసారి, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా (చూడి పశువులు నెలలు నిండకుండా ఈసుకుపోయే జబ్బు) టీకా. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఊరూరా తిరిగి వేయాలి, చెవికి ట్యాగు వేయాలి, వివరాలు ఎక్కించాలి. కాగితాల పని, ఆన్‌లైన్ పని చాలా పెరిగింది, దాని మీద విసుగు ఉన్నవాళ్లం ఎక్కువే. అయితే 2022లో దేశంలో లంపీ చర్మవ్యాధి పాకినప్పుడు టీకా విలువ ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ప్రభుత్వ ఉద్యోగం ఎలా వస్తుంది? ఎంతదూరం ఎదగొచ్చు?

మొదటి మెట్టు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అక్కడి నుంచి అసిస్టెంట్ డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, జాయింట్ డైరెక్టర్ దాకా పదోన్నతులు. నోటిఫికేషన్ ఏటా రాదు, ఇది ఉన్న మాట. వచ్చినప్పుడు పరీక్ష, మెరిట్, రిజర్వేషన్, స్థానికత అన్నీ ఉంటాయి. ఒక్క ఈ ఉద్యోగం కోసమే నాలుగైదేళ్లు గదిలో కూర్చుని చదివే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. పని చేస్తూ చదవండి. చెయ్యి ఆడుతూ ఉంటే పరీక్షలోనూ పనికొస్తుంది.

ఆ లోపు ఏం చేయాలి?

మన రాష్ట్రంలో 2022లో సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి, 1962కు ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికి వస్తాయి. ప్రతి బండిలో ఒక డాక్టరు ఉంటాడు. కాంట్రాక్టు పని, జీతం గురించి గొణుగుడు ఉంటుంది, కానీ రకరకాల కేసులు చూడొచ్చు. డెయిరీల్లో చేరొచ్చు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులకు, ఆహార భద్రతా అధికారి పోస్టులకు కూడా ఈ డిగ్రీ సరిపోతుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. సివిల్స్ రాసేవాళ్లకు పశుసంవర్ధకం, పశువైద్యం ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉంది. అటవీ సర్వీసు పరీక్షకూ అర్హత ఉంది.

డెయిరీల్లో పని ఎలా ఉంటుంది?

మన ప్రాంతానికి ఇది పెద్ద దారి. హెరిటేజ్ లాంటి కంపెనీలు ఉన్నాయి, తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఉంది, అందులో సభ్యులు, యజమానులు అందరూ పాడి ఆడవాళ్లే. ఇక్కడ డాక్టరు పని వైద్యంతో ఆగదు. దాణా, గడ్డి, ఖనిజ లవణ మిశ్రమం, పాలలో వెన్న శాతం ఎందుకు పడిపోయింది, రెండు ఈతల మధ్య ఎడం ఎందుకు పెరిగింది, ఇవన్నీ చెప్పాలి. పొద్దున నాలుగున్నరకే పాలకేంద్రం దగ్గర ఉండాల్సి రావొచ్చు.

యాంటీబయాటిక్ ఇచ్చిన ఆవు పాలు ఇన్ని రోజులు పాలకేంద్రంలో పొయ్యొద్దని రైతుకు చెప్పడం, ఆయన "పొయ్యకపోతే నష్టం ఎవరిస్తారు సార్" అంటే జవాబు చెప్పడం కూడా మీ పనే. దానికి ఏ పుస్తకంలోనూ తేలిక జవాబు లేదు. ఆ పాలు తాగేది మన ఊరి పసిపిల్లలే అని నేను చెబుతాను, కొందరు వింటారు.

కోళ్ల రంగం?

ఉద్యోగాలు తొందరగా దొరుకుతాయి. ఎదుగుదల కూడా ఉంటుంది. ఇక్కడ ఒక్క కోడికి వైద్యం ఉండదు, వేల కోళ్ల షెడ్డుకు ఉంటుంది. చచ్చిన కోడిని కోసి చూసి జబ్బు పట్టుకోవాలి, కొక్కెర తెగులా, గంబోరోనా, లేక షెడ్డులో గాలి ఆడక వచ్చిందా అని అక్కడికక్కడే తేల్చాలి. టార్గెట్ల టెన్షన్ ఉంటుంది. కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువుల్లో వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది, ఇలాంటి నియమాలు తెలిసి, కంపెనీ ఒత్తిడి చేసినా "ఇది వేయను" అనగల డాక్టర్లు ఈ రంగానికి కావాలి.

పీజీ చేయాలా?

పాఠాలు చెప్పాలనో, పరిశోధన చేయాలనో ఉంటే తప్పక చేయండి. ఎంవీఎస్సీ రెండేళ్లు. తిరుపతిలో చేయొచ్చు, లేదా జాతీయ పరీక్ష రాసి బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థకో, కర్నాల్‌లోని పాడి పరిశోధన సంస్థకో వెళ్లొచ్చు. ఊళ్లో పనిచేయాలంటే గైనకాలజీ, మెడిసిన్, సర్జరీ బాగా ఉపయోగపడతాయి. టీకాల కంపెనీలకు మైక్రోబయాలజీ. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి సంస్థలు గాలికుంటు టీకా తయారు చేస్తాయి, అక్కడ మన కాలేజీలో చదివినవాళ్లు మీకు కనబడతారు. దాణా కంపెనీలకు పోషణ శాస్త్రం. ఉద్యోగం లేదని కాలక్షేపానికి మాత్రం పీజీ చేయవద్దు.

పశుజాతుల మీద ఆసక్తి ఉంటే మన పక్కనే పలమనేరు పశుపరిశోధన కేంద్రం ఉంది, పుంగనూరు ఆవుల్ని కాపాడుతున్నది అక్కడే. మీటరు ఎత్తు కూడా లేని ఆ ఆవు ఇప్పుడు సెల్ఫీలకు, పెద్ద ఇళ్ల ముంగిళ్లకు చేరిపోయింది. దాని అసలు జాతి లక్షణాలు చెదరకుండా చూడటం పశువైద్యుల పని, చాలా ఓపిక కావాలి.

జూలో, అడవిలో పనిచేయాలని ఉంది.

ఈ ప్రశ్న ఏటేటా పెరుగుతోంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర జూ ఉంది, శేషాచలం అడవి ఉంది, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి. పంటల మీదకు వచ్చే ఏనుగుల్ని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ (శిక్షణ ఇచ్చిన) ఏనుగుల్ని తెచ్చారు, వాటి ఆరోగ్యం చూడాలన్నా పశువైద్యుడే కావాలి. అయితే పోస్టులు చాలా తక్కువ. ఫొటోల్లో కనిపించే పులిపిల్ల కన్నా, తెల్లవారుజామున బావిలో పడ్డ జింకను తీయించడం, చచ్చిన ఏనుగుకు పోస్టుమార్టం చేయడం ఎక్కువ ఉంటాయి. ఇష్టం గట్టిగా ఉంటే వన్యప్రాణుల వైద్యంలో పీజీ చేసి ప్రయత్నించండి. చేతిలో ఇంకో దారి కూడా ఉంచుకోండి.

సైన్యంలో చోటు ఉందా?

ఉంది. రిమౌంట్ వెటర్నరీ కోర్. గుర్రాలు, కంచర గాడిదలు, శిక్షణ ఇచ్చిన కుక్కలు వీళ్ల చేతిలో ఉంటాయి. కెప్టెన్ హోదాలో తీసుకుంటారు, మొదట షార్ట్ సర్వీసు కింద. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు తక్కువ, భాష భయం వల్లే అనుకుంటాను. హిందీ అక్కడికి వెళ్తే వచ్చేస్తుంది.

కుక్కల క్లినిక్ పెడితే డబ్బు బాగా వస్తుందట కదా?

తిరుపతి లాంటి ఊళ్లో వస్తుంది, నిజమే. కానీ అద్దె, ఎక్స్‌రే, స్కానింగ్, రక్తపరీక్షల యంత్రాలు, ఇద్దరు సహాయకులు, ఇదంతా పెట్టుబడి. ముందు ఎవరైనా సీనియర్ దగ్గర రెండేళ్లు పనిచేసి చెయ్యి కుదిరాక పెట్టండి. జబ్బుపడిన కుక్క యజమానితో మాట్లాడటం కూడా ఒక విద్య, ఆవును పోగొట్టుకున్న రైతుకు నష్టం ఇంత అని లెక్క చెప్పొచ్చు, కుక్కను పోగొట్టుకున్నవాళ్లకు అలాంటి లెక్క ఉండదు.

అమ్మాయిలు ఈ పని చేయగలరా?

చేస్తున్నారు. క్లాసుల్లో ఇప్పుడు వాళ్లు తక్కువేమీ లేరు. ఆవును ఒడిసి పట్టడం బలంతో కాదు, తాడు, ముక్కుపట్టు, ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) సరిగ్గా వాడటంతో. పాడి చూసేది ఇంటి ఆడవాళ్లు కాబట్టి డాక్టరమ్మ వస్తే వాళ్లు దాపరికం లేకుండా చెబుతారు, ఇది నేను చాలా ఊళ్లలో చూశాను. రాత్రి వేళ దూరం ఊరికి ఒంటరిగా వెళ్లాల్సి రావడం మాత్రం నిజమైన సమస్య. అది వాళ్లు భయపడటం వల్ల వచ్చింది కాదు, బండి, తోడు మనిషి ఏర్పాటు లేకపోవడం వల్ల వచ్చింది. ఆ ఏర్పాటు అడగడం తప్పు కాదు.

మనకు జబ్బులు అంటుకుంటాయా?

అంటుకోవచ్చు. ఈసుకుపోయిన ఆవు మాయను ఉత్త చేతులతో తీసి బ్రూసెల్లా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఆ జ్వరాలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు. భుజం దాకా గ్లౌజు వేసుకోవాలి, గ్లౌజు లేకపోతే చెయ్యి పెట్టొద్దు, ఎవరు బతిమాలినా సరే. రేబిస్ టీకా చదువుకునేటప్పుడే ముందుజాగ్రత్తగా వేయించుకోండి. ఉన్నట్టుండి చచ్చిపడి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకండి, అది దొమ్మ (ఆంత్రాక్స్) కావొచ్చు. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. చెవి నుంచి రక్తపు చుక్క స్లైడు తీసి పరీక్షకు పంపి, కళేబరాన్ని లోతుగా సున్నం వేసి పూడ్చాలి. తన్నులు, కుమ్ములు సరే సరి.

విదేశాలకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ మన డిగ్రీతో నేరుగా ప్రాక్టీసు కుదరదు. అమెరికాలో మన డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానమని తేల్చే పరీక్షలు, ఆపైన నావ్లే అనే పరీక్ష పాసవ్వాలి. బ్రిటన్, ఆస్ట్రేలియాలకు వాళ్ల పరీక్షలు వేరు. ఖర్చు, సమయం రెండూ ఎక్కువే. పరిశోధనకు పీహెచ్‌డీ దారిలో వెళ్లేవాళ్లు వేరే లెక్క.

బీవీఎస్సీ కాకుండా, పదో తరగతి తర్వాత డిప్లొమా చేస్తే?

రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది, మన జిల్లాలో పలమనేరులో ఉంది. ఆ చదువుతో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు పోటీపడొచ్చు, డెయిరీల్లోనూ అవకాశాలున్నాయి. ప్రథమ చికిత్స, టీకాలు, ఎదసూదులు, ఇవి డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. ఊళ్లో జనం మిమ్మల్నీ "డాక్టరు" అనే పిలుస్తారు, ఆ పిలుపుకు పొంగిపోయి పెద్ద కేసుల్లో చెయ్యి పెడితే నష్టపోయేది రైతు. మీ పని మీరు బాగా చేస్తే మాకు మీకన్నా ఆప్తులు లేరు.

చేరేముందు ఒక్క పని చేయమంటే ఏం చెబుతారు?

మీ ఊరి పశువుల ఆస్పత్రికి వెళ్లి, డాక్టరుగారిని అడిగి, వారం రోజులు ఆయన వెంట తిరగండి. ఎవరూ కాదనరు. పాత బట్టలు, పాత చెప్పులు వేసుకుని వెళ్లండి. మాయ కుళ్లిన ఆవు దగ్గర వాసనకు తట్టుకోగలరా, ఎండలో గొర్రెల మంద మధ్య నిలబడి టీకాలకు సాయం పట్టగలరా, రైతు చెప్పేది మధ్యలో అడ్డం పడకుండా వినగలరా చూసుకోండి. వీలైతే అమ్మనో నాన్ననో ఒక రోజు వెంట తీసుకెళ్లండి, సీటు గురించి ఇంట్లో జరిగే గొడవ సగం అక్కడే తేలిపోతుంది.